పద్నాలుగు ప్లాస్టిక్ ముక్కలు

మా పిన్ని పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తోంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఊడ్చే పనికి చేరింది. ముసలి పెయింటరు పక్కన నిలబడి చూస్తూ చూస్తూ పని నేర్చుకుని, ఆయన మానేశాక ఆయన బల్ల దగ్గరే కూర్చుంది. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

పడవ డాష్‌బోర్డు నుంచి విప్పిన చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఆ బల్ల మీదికి వస్తాయి. మీటర్ల చుట్టూ ఉండే రింగులు, స్విచ్చుల పలకలు, గాలి వచ్చే జాలీలు. ఎండకీ ఉప్పుగాలికీ అవి సున్నం పూసినట్టు తెల్లబారి ఉంటాయి. పిన్ని చేతిలో పడి తిరిగి వెళ్లేటప్పుడు కొత్తవాటికి ఏమాత్రం తీసిపోవు. రుద్దీ రుద్దీ ఆవిడ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. హాజరు మిషన్ మీద వేలు పెడితే అది గుర్తుపట్టదు.

"చూశావా అమ్మడూ, ఇన్నేళ్లు చేశాక నేనెవరో తెలీదంటోంది" అని నవ్వుతుంది.

ఎనిమిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. "అంచుల దగ్గర అంత గట్టిగా రుద్దకు. దాని మీద నీకేం కోపం?" అంటూ పని నేర్పింది.

మా సూపర్‌వైజరును వెనకాల అందరూ తళుకు సార్ అంటారు. మెరుపు తెచ్చే స్ప్రే డబ్బా ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. బండి సీటుకీ కొడతాడు, బూట్లకీ కొడతాడు.

పోయిన నెల ఒక పడవ నుంచి పద్నాలుగు ముక్కలు వచ్చాయి. పిన్ని వాటిని సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో రెండు రోజులు రుద్దింది. ఆఖర్న ఒక్కోదాని మీదా నీళ్లు పోసి చూసింది. నీళ్లు పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. బొట్లు బొట్లుగా నిలబడితే ఇంకా జిడ్డుందన్నమాట, రంగు పట్టదు. పద్నాలుగింటి మీదా నీళ్లు చక్కగా పరుచుకున్నాయి. వాటిని గుడ్డ మీద ఆరబెట్టి భోజనానికి వెళ్లాం.

మరిచిపోయిన నీళ్ల సీసా కోసం నేను వెనక్కి వచ్చేసరికి తళుకు సార్ ఆ ముక్కల మీద స్ప్రే కొడుతున్నాడు. అవి మెరుస్తుండగా పడవ ఓనరుకి పంపడానికి ఫోటోలు తీసి, జేబురుమాలుతో తుడిచేసి వెళ్లిపోయాడు. తుడిచేశాడు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. పెద్దవాళ్ల మీద చాడీ చెప్పినట్టవుతుందని నోరు మెదపలేదు. రంగు వేస్తుంటే రెండు ముక్కల మీద సన్నటి గుంటలు పడ్డాయి. పిన్ని తన చెయ్యే సరిగా పడలేదనుకుని వాటిని మళ్లీ రుద్ది వేసింది.

మూడు వారాలకి పడవ ఓనరు ముక్కలన్నీ సంచిలో వేసుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. రంగు ఉల్లిపొరలా లేచిపోతోంది.

"వయసైపోయిందమ్మా నీకు" అన్నాడు తళుకు సార్, షెడ్డంతా వినేలా. "రేపట్నుంచి పడవల అడుగు గీకే పనికి పో. ఈ బల్ల దగ్గర ఇంకొకర్ని పెట్టుకుంటా."

పిన్నికి నలభై రెండేళ్లు. ఆయనకి యాభై! పిన్ని మొహం పాలిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. ఉండబట్టలేక అనేశాను.

"సార్ వాటికి స్ప్రే కొట్టారు పిన్నీ. ఫోటో కోసం. నేను చూశాను."

"ఎనిమిదో క్లాసు తప్పిన పిల్ల నాకు పని నేర్పుతుందా?"

"తప్పలేదు సార్. మానేశాను."

పిన్ని అరవలేదు. రుద్ది ఉంచిన పాత పలక ఒకటి తీసి నీళ్లు పోసింది. నీళ్లు పరుచుకున్నాయి. పలకను తుడిచి, "ఆ డబ్బా ఒకసారి ఇలా ఇవ్వండి సార్" అంది. ఆయన చేత్తో జేబు మూసుకున్నాడు.

"ఇవ్వవయ్యా, అడుగుతోందిగా" అన్నాడు ఓనరు.

పిన్ని సగం పలకకి స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, మళ్లీ నీళ్లు పోసింది. స్ప్రే పడని సగం మీద నీళ్లు పరుచుకున్నాయి. రెండో సగం మీద బొట్లు నిలబడ్డాయి.

"తళుకు బాగానే తేలింది సార్" అన్నాడు అటు పక్క పనిచేసుకుంటున్న వెల్డరు. అందరూ నవ్వారు.

"సర్లే, అయిందేదో అయింది. ఈసారికి క్షమించాను. పని చూసుకో" అన్నాడు ఆయన.

క్షమించాడట! ఎవరు ఎవర్ని?

పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నన్ను క్షమించడానికి నేనేం చేశాను సార్? తప్పు నాదని అందరి ముందూ అన్నారు. కాదని కూడా అందరి ముందే అనండి. అప్పటిదాకా ఈ ముక్కలు ముట్టుకోను."

ఆయన తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఓనరు స్టూలు లాక్కుని బల్లకి అటువైపు కూర్చున్నాడు. "నాకూ తొందర్లేదమ్మా" అన్నాడు.

గంట తర్వాత తలుపు తెరుచుకుంది. "తప్పు ఆవిడది కాదు" అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"మరెవరిది సార్?" అన్నాడు వెల్డరు.

"నాదే."

తిట్టేటప్పుడు షెడ్డు దద్దరిల్లేలా లేచిన గొంతు, ఈ ఒక్క మాటకి వచ్చేసరికి పక్కవాడికి కూడా సరిగా వినిపించలేదు. పిన్నికి మాత్రం అది చాలింది. గరుకు కాగితం నీళ్లలో ముంచి, మొదటి రింగు చేతిలోకి తీసుకుంది.

నాకు చాల్లేదు. ఆ పద్నాలుగు ముక్కల రంగూ గీకి, మళ్లీ కడిగి, మళ్లీ రెండు రోజులు రుద్దింది పిన్నీ నేనూ. తప్పు ఒప్పుకున్న పెద్దమనిషి వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.