శ్రీరాంపూర్ హోటల్లో అమెరికా పాఠం

ఈ ప్రయాణానికి కారణం అమెరికా. నవ్వకండి. నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్తాను. ఆ వారం పాఠం అమెరికా అధ్యక్ష ఎన్నికలు. పని పోతుందన్న భయం, సరుకుల ధరలు, ఇంటి అద్దె అక్కడి ఓటరును కదిలిస్తాయని మొదటి రోజు చెప్పాను. మర్నాడు దానికి అడ్డం వచ్చే సంగతి చెప్పాల్సి వచ్చింది. అక్కడ చాలామందికి తమ పార్టీ మనిషి అధ్యక్షుడైతే రోజులు బాగున్నట్టు, అవతలి మనిషి గెలిస్తే అన్నీ పాడైనట్టు కనిపిస్తుంది. జీతం అదే, అంగట్లో ధర అదే, అభిప్రాయం మాత్రం తిరగబడుతుంది. సిరిసిల్ల నుంచి వచ్చి చదువుకుంటున్న శిరీష లేచి నిలబడింది. "మా బాపు, మా పెద్దబాపు గట్లనే ఉంటరు మేడం. ఇద్దరూ ఒక్క షెడ్డులనే మరమగ్గాలు నడుపుతరు, ఇద్దరికీ అదే కూలి. ఒకాయన బాగనే ఉన్నదంటడు, ఇంకొకాయన బతుకుడే కష్టమైందంటడు. ఎవరు అబద్ధమాడుతున్నట్టు మేడం?" ఇరవై రెండేళ్లుగా ఇదే పాఠం చెప్తున్నాను. సోమవారం చెప్తానని ఆమెను కూర్చోబెట్టాను.

అదే వారం శ్రీరాంపూర్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. మా బావ కొమురయ్య అక్కడి బొగ్గు గనిలో పని చేస్తాడు, వచ్చే ఏడు రిటైరవుతాడు. రోడ్డు మీద హోటల్ నడిపే సదానందంతో ఆయనకు ముప్పై ఏళ్ల స్నేహం. మొన్నటి ఎన్నికల్లో చెరో పార్టీ జెండా పట్టుకున్నారు. సదానందం పార్టీ గెలిచింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. "నువ్వన్నా వచ్చి చెప్పి సూడు" అంది అక్క. చెప్పేంత ఓపిక నాకు లేదు గానీ, చూడాలనిపించింది.

రెండో శనివారం పొద్దున ఆరున్నరకు గోదావరిఖని మీదుగా మంచిర్యాల పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కొత్త సర్కారు వచ్చాక ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్లకు వంద దాటుతుంది. నిలబడ్డవాళ్లకు మాత్రం పెద్దపల్లి దాకా సీటు దొరకలేదు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన "పైసలు పెట్టినోనికి సీటు లేదు, ఏం రాజ్యమో" అని గొణిగాడు. కూర్చున్న ఆడమనిషి తల తిప్పకుండానే, "గీ బస్సు ఉండబట్టే నేను నెలకు రెండుసార్లు దవాఖానకు పోతున్న" అంది. ఎవరు ఎవరికి ఓటేశారో అడగాల్సిన పని లేకపోయింది. గోదావరి వంతెన దాటాక బొగ్గు లారీల వెనక బస్సు పాకుతూ వెళ్లింది. శ్రీరాంపూర్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది, నా చీర అంచు నల్లబడింది.

బావకు ఆ వారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే రెండో షిఫ్టు, అందుకే ఇంట్లోనే ఉన్నాడు. ఎట్లున్నారు బావా అన్నానో లేదో మొదలుపెట్టాడు. "ఏమున్నది, అంత ఆగమైంది. గిసొంటి దినాలు ఎన్నడూ సూడలే." జీతం పెరిగిందని అక్క చెప్పింది కదా అన్నాను. "పెరిగితే ఏమాయె" అని లేచి బయటికి పోయాడు.

పదకొండింటికి ఒక్కదాన్నే హోటలుకు వెళ్లాను. నాలుగు బల్లలు, మూల బల్ల దగ్గర ఒక్క ముసలాయన చాయ్ తాగుతున్నాడు. సదానందం నన్ను గుర్తుపట్టి మిర్చీలు వేస్తానన్నాడు. నడుస్తున్నదా అన్నా అని అడిగితే, "మస్తు నడుస్తున్నది చెల్లె. సర్కారు మారినంక ఫికర్ లేదు" అన్నాడు, ముసలాయనకు కూడా వినపడేటట్టు. ముప్పై రూపాయల ప్లేటులో నాలుగు మిర్చీలు, కోసిన ఉల్లిగడ్డ. బాగున్నాయి. ముసలాయన వెళ్లిపోయాక చేతులు కడుక్కోవడానికి వంటగదిలోకి పోయాను. మూడు పొయ్యిల్లో ఒకటే వెలుగుతోంది. నేను చూడడం ఆయన చూశాడు.

"ఒకటో తారీఖు నుంచి బంద్ చేస్తున్న చెల్లె" అన్నాడు మెల్లగా. గ్యాసు, నూనె భరించలేకపోతున్నానని, కాంట్రాక్టు పనోళ్లంతా ఇంటినుంచే డబ్బా తెచ్చుకుంటున్నారని చెప్పాడు. "మునుగుడు పోయిన సర్కారు కాలంలనే షురువైంది. అప్పుడైతే రోజూ ఇదే గల్లాపెట్టె కాడ కూసొని తిట్టిన. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె? గెలిచిన్నాడు మీ బావ ముందటనే పటాకులు కాల్చిన. నేను మునిగిన అని ఏ మొఖంతోని చెప్పాలె?" బావకు చెప్పొద్దన్నాడు. సరేనన్నాను.

నేను చెప్పలేదు. అన్నం తింటుంటే బావే అన్నాడు: "రెండు నెలల సంది వాడు ఒక్క పొయ్యే ముట్టిస్తుండు. వెనక గల్లికెల్లి కనిపిస్తది." మరి పోయి అడగొచ్చు కదా అన్నాను. చాలాసేపు కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు. "నేను అడిగితే, సూసినవా, నీ సర్కారొస్తే గిట్లైంది అని ఎక్కిరించినట్టైతది. నాకు జీతం పెరిగింది నిజమే. వాని ముందట ఒప్పుకున్ననా? వాడు మాత్రం ఎట్ల ఒప్పుకుంటడు?"

రెండింటికి బావ డ్యూటీ బట్టల్లో, టిఫిన్ డబ్బాతో నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. హోటల్ ఎదురుగానే ఉంది. సదానందం రెండు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. ఒకటి నాకిచ్చాడు, రెండోది బావ వైపు చాపాడు. బావ తీసుకుని సగం తాగాడు.

"షక్కర ఎక్కువైంది."

"నీకెన్నడు తక్కువేసిన?"

బొగ్గు లారీ వస్తే ముగ్గురం రోడ్డు పక్కకు జరిగాం. తర్వాత సదానందం, "ఒకటో తారీఖు నుంచి బంద్ కొమురయ్యా" అన్నాడు. బావ ఏదో అంటాడని నాకు భయం వేసింది. ఆయన సర్కారు మాటే ఎత్తలేదు. గ్లాసు ఖాళీ చేసి, "సామాను ఎన్నడు తీస్తవ్? గా దినం నేను సెలవు పెట్టుకుంట" అన్నాడు. అంతలో నా బస్సు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో గోదావరిఖని దాకా నిలబడే ఉన్నాను. కాళ్లు లాగుతున్నాయి. ఈ ఇద్దరూ వచ్చే ఎన్నికల్లో పార్టీ మారతారని నేననుకోను. అమెరికాలోని ఏ బొగ్గు ఊళ్లోనో, ఏ మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కనో ఇట్లాంటి ఇద్దరు తప్పకుండా ఉంటారు. సర్వే చేసేవాళ్లు తలుపు కొడితే రోజులు బాగున్నాయని ఒకరు, పాడయ్యాయని ఒకరు చెప్తారు. సోమవారం శిరీషకు చెప్పాను, మీ ఇంట్లో ఎవరూ అబద్ధమాడటం లేదని. ఎవరి కష్టం వాళ్లకు తెలుసు. పైకి చెప్పేటప్పుడు మాత్రం ఎదురుగా ఎవరున్నారో చూసుకుంటారు. ఆమె రాసుకుంది, నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

మీరు అటు వెళ్తే ఒక మాట. మూడింటికి మొదటి షిఫ్టు వదులుతుంది, తర్వాత గంటసేపు శ్రీరాంపూర్ నుంచి ఏ బస్సులోనూ కాలు పెట్టే చోటుండదు. రెండున్నరలోపు ఎక్కేయండి, లేదా నాలుగు దాటనివ్వండి. ఆగితే ఆ గంట ఎవరైనా ఒక్కరి దగ్గరే కూర్చోండి. పక్కన వినే మనిషి ఇంకొకరు లేనప్పుడు ధరల అసలు సంగతి వాళ్లే చెప్తారు.