సూదికి ముందు అల్లం టీ

పోర్టులో మొదటి షిఫ్టు ముగించుకొచ్చిన మా ఆయన చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "కాంపౌండరు భాయ్ పోయాడే" అన్నారు. శుక్రవారం నమాజుకి బయల్దేరుతూ అరుగు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. నేనప్పుడు ఆరో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నాను. చేతిలో ఎర్ర కలం అలాగే ఉండిపోయింది. ఈ వేళ్ళు కలం పట్టుకుంటున్నాయంటే అది ఆ కాంపౌండరుగారి చలవే. ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పదేళ్ళ కిందట, ముప్పై రెండేళ్ళ వయసులో, పొద్దున్నే లేస్తే నా వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. జడ మా అత్తగారు వేసేవారు. బడిలో సుద్దముక్క జారి పడిపోయేది. తెలుగు టీచరు బోర్డు మీద నాలుగు పద్యపాదాలు రాయలేకపోతే ఇంకెందుకు? ఆడపిల్లల చేత రాయించి నెట్టుకొచ్చేదాన్ని. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు కిటికీలోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టినా అంత భయపడేదాన్ని కాదు.

పెద్ద డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్, వారానికో బంగారం ఇంజెక్షన్ పడాలన్నారు. మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "ఒంటి మీదెట్టుకోడానికే గతి లేదు, ఒంట్లోకెక్కిత్తారేటి బంగారం!" నిజంగానే ఆ మందులో బంగారం ఉంటుంది. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. మూత్రపిండాలనో రక్తాన్నో దెబ్బతీసే గుణం కూడా దానికుంది. అందుకే డాక్టరుగారు వన్‌టౌన్‌లో ఉన్న తన పాత కాంపౌండరు దగ్గరికి చీటీ రాసిచ్చి పంపారు. "ఆయన వద్దంటే నేను చెప్పినా పొడిపించుకోకండి" అన్నారు.

కాంపౌండరుగారిది సందులో పెంకుటిల్లు. ముందుగది కిటికీ దగ్గర బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, ఓ గాజుగొట్టం, సూదులు మరగబెట్టే గిన్నె. మొదటి వారం మందు చుక్కంతే ఎక్కించి, ఒంటికి పడుతుందో లేదో చూశాడు. అప్పట్నించీ ప్రతి వారం అదే తంతు. ముందు దురదేమైనా ఉందా, దద్దుర్లున్నాయా అని అడిగేవాడు. తర్వాత మేం తెచ్చిన మూత్రం గొట్టంలో పోసి, దీపం మీద కాచి, రెండు చుక్కలు పులుపు మందు వేసి కిటికీ వెలుతురులో పట్టి చూసేవాడు. తేటగా ఉంటేనే సూది. తెల్లటి మబ్బు కమ్మితే మందు మూత్రపిండాల మీద పడ్డట్టు, సూది లేకుండా ఇంటికి. నెలకోసారి డాక్టరుగారి దగ్గర రక్తపరీక్ష కాగితం కూడా ఆయనకి చూపించాలి. "సూది ఎవడైనా పొడుత్తాడమ్మా. పొడవకుండా ఆపడవే నా ఉజ్జోగం" అనేవాడు.

ఆ మూత్రం సీసా పట్టుకుని సిటీ బస్సెక్కడం మాత్రం నా ప్రాణానికొచ్చేది. దగ్గుమందు సీసాని కాగితంలో చుట్టి, సంచిలో జామకాయల కింద దాచేదాన్ని. ఓసారి పక్కన కూర్చున్న చేపలమ్మి సంచిలోకి తొంగి చూసి, "ఏటమ్మా, అత్తరేటి?" అంది. అవునన్నాను. ఇంకేమనను? ఆ సిగ్గుతోనే ఎప్పుడూ సగం సీసాకి మించి తెచ్చేదాన్ని కాదు.

ఆ ఇంట్లో ఇంకో మర్యాద ఉండేది. సూదికి ముందు కాంపౌండరుగారి భార్య, మేమంతా బీబీ అని పిలిచే ఆవిడ, పొగలు కక్కే అల్లం టీ గ్లాసుతో ఇచ్చేది. గొంతు దాకా ఘాటు. తాగేదాకా సూది తీసేవాడు కాదాయన. సూదిలోకి మందు లాగేటప్పుడు నవ్వేవాడు. "మాలో మగోళ్ళు బంగారం పెట్టుకోకూడదమ్మా. నా సేతుల మీదుగా మాత్రం ఎంత పోతందో సూడండి!"

ఆరో నెలకి నా వేళ్ళు తెరుచుకోవడం మొదలెట్టాయి. ఓ రోజు బోర్డు మీద పద్యం మొత్తం నేనే రాశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అచ్చంగా అదే వారం నాలుక కింద పొక్కులు లేచాయి. మందు వికటిస్తే నోరు కూడా పూస్తుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. అంతకు ముందే ఒకావిడ గొట్టంలో మబ్బు కమ్మితే ఆయన సూది ఆపేసి వెనక్కి పంపడం చూశాను. నాకూ ఆపేస్తే? మళ్ళీ సుద్దముక్క జారిపోతే? నా బుద్ధి గడ్డి తింది. మా ఆయన్ని బతిమాలి, ఆయన మూత్రం పట్టుకెళ్ళాను.

గొట్టం అద్దంలా తేటగా ఉంది. నా గుండె కుదుటపడింది. ఇంతలో బీబీ టీ తెచ్చింది. "ఇవాళొద్దు బీబీ, కడుపుబ్బరంగా ఉంది" అన్నాను.

"తాగండి టీచరమ్మా, సూదెక్కడికీ పోదు" అన్నాడు కాంపౌండరుగారు.

ఒక్క గుక్కకే నాలుక కింద నిప్పెట్టినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన లేచి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పి, "ఆ అనండి" అన్నాడు. చూశాడు. తర్వాత అరుగు మీదున్న మా ఆయన్ని కేకేశాడు.

"బావా, ఇలా రా ఓపాలి. నీ కిడ్నీలు బెమ్మాండంగా ఉన్నాయి, సాలా సంతోషం. ఇప్పుడు మా టీచరమ్మవి సూద్దుము."

మా ఆయన తల దించేసుకున్నారు. ఎలా తెలిసిందని ఆ తర్వాత అడిగితే, "ఆర్నెల్లూ సగం సీసా తెచ్చిన మనిషి ఇవాళ మూతి దాకా తెచ్చారు" అన్నాడు.

నాది కాస్తే, ముగ్గుపిండి కలిపిన నీళ్ళలా తెల్లబారింది. నేను భోరుమన్నాను. "సగంలో ఆపేస్తే నా ఉద్యోగం ఏమవ్వాలి?"

"సుద్దముక్క అట్టుకోడానికి మనిషుండాల కదమ్మా" అన్నాడు. తిట్టలేదు. అప్పటికప్పుడు రిక్షా పిలిచి, మాతోపాటు డాక్టరుగారి దగ్గరికి వచ్చాడు. సూది ఆగిపోయింది. తిరిగొచ్చాక, టీ మర్యాద అనుకుంటూ వచ్చానని చెబితే బీబీ పకపకా నవ్వింది. "అడిగితే అందరూ నోరు బాగుందనే సెప్తారు. అల్లానికి అబద్దాడ్డం రాదు" అంది. ఆ మాట ఆయనదేనట.

తర్వాత నెలల తరబడి సూది లేకపోయినా, వారం వారం సీసా తెమ్మన్నాడు. తెచ్చాను, మూతి దాకా! పొక్కులు మానాయి, గొట్టం తేటపడింది, రక్తపరీక్షా బాగానే వచ్చింది. అప్పుడు డాక్టరుగారు చిన్న మోతాదుతో, నెలకోసారి మళ్ళీ మొదలెట్టించారు. నా ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. పోనీలెండి, దానితో నేను రాయను. సుద్దముక్క మాత్రం మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆయన ఎప్పట్లాగే అరుగు మీద కూర్చున్నారు. కిటికీ దగ్గర గాజుగొట్టం కడిగి బోర్లించి ఉంది. బీబీ లోపలికి వెళ్ళి పళ్ళెంలో టీ పెట్టుకొచ్చింది. అదే ఘాటు. ఒక్క గుక్క తాగానో లేదో, ఆపుకుందామన్నా ఆగకుండా కళ్ళంట నీళ్ళు కారిపోయాయి.

బీబీ నా మొహం కేసి చూసి పళ్ళెం కింద పెట్టేసింది.

"నోరు మండతందేటి టీచరమ్మా?"

"లేదు బీబీ. నోరు బాగానే ఉంది."

ఆవిడ నమ్మలేదు. దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. "ఆ అనండి" అంది.

నేను "ఆ" అన్నాను.