పంచెలకు పెట్టే గంజి

పేగు మెలిపడి దారి మూసుకుపోతే తెనాలిలో నాకు ఆపరేషన్ చేశారు. పేగును కోసి అతికించిన చోట కారి కడుపంతా చీము పట్టింది. రెండోసారి కోసి శుభ్రం చేసి, పేగును పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించారు. ఒళ్ళు కోలుకున్నాక మళ్ళీ లోపల కలుపుతామన్నారు. అయితే తిన్నదీ తాగినదీ నీళ్ళలా సంచీలోకే దిగిపోయేది. నాలుక ఎండేది, పిక్కలు పట్టేసేవి. సెలైన్ కోసం మాటిమాటికీ ఆసుపత్రికి పరుగు. ఆ ధార తగ్గితే తప్ప పేగు కలపడం కుదరదు.

"వట్టి మంచినీళ్ళు తగ్గించండి. ఉప్పేసిన చిక్కటి గంజి కొంచెం కొంచెంగా తాగండి" అన్నారు డాక్టరు గారు.

గంజా! రేపల్లె దగ్గర మా ఊరి పొలంలో సగం తాతగారిది. ఇప్పుడు మాది తెనాలిలో రెండు గదుల అద్దె వాటా. పొలం పోయినా గంజి పెట్టని పంచె నేను కట్టలేదు. మా ఇంట గంజి బట్టలకే. తాగడం పాలేళ్ళ వంతు. నా భార్య గిన్నె తెస్తే గోడవైపు తిరిగి పడుకున్నాను.

"గంజితో పంచె నిలబడింది గానీ, మీరే నిలబడట్లేదండి" అంది.

ఆ మధ్యాహ్నం బాపట్ల నుంచి మా మేనత్త వచ్చింది. ఎనభై దాటినా నడుం వంగని మనిషి. మా ఇంటి మర్యాదలన్నీ నాకు నేర్పింది ఆవిడే. గొంతు వినగానే గిన్నెను మంచం కిందికి తోయబోయాను.

"ఏంట్రా దాస్తున్నావు?"

"ఏం లేదత్తా. బట్టలకని..."

గిన్నె లాక్కుని ఓ గుక్క తాగింది. "ఉప్పేసి మరీ బట్టలకా? బాగా కాచావమ్మా. నాకూ ఓ గ్లాసివ్వు."

"మనింట్లో గంజి తాగడమేంటత్తా!"

"మీ మగాళ్ళు అరుగు మీద కాఫీలు తాగేవాళ్ళు. వంటింట్లో మేమేం తాగామనుకున్నావు? మీ నాయనమ్మా నేనూ పొద్దున్నే చెరో గిన్నెడు. మిగిలిందే మీ పంచెలకి! తాగరా, జమీందారూ."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుట్లు లాగకుండా పొట్టకు దిండు అదుముకుని నేనూ నవ్వాను. తాగాను. చెప్పొద్దూ, బాగుంది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం సంచీ ఖాళీ చేస్తూ నా భార్య కేక వేసింది. "ఏవండీ, చిక్కబడింది!" పండగ వచ్చినట్టుంది ఆ గొంతు.

తర్వాత పరీక్షలన్నీ చూసి, ఇక పేగు కలిపేద్దామన్నారు డాక్టరు గారు. ఆసుపత్రి మెట్ల మీది నుంచే అత్తకు ఫోన్ చేశాను. ఇంటి సంగతి గడప దాటకూడదని నన్ను పెంచిన మనిషి, ఫోన్ పట్టుకునే వీధిలోకి వచ్చినట్టుంది.

"ఏవర్రా, మా మేనల్లుడి పేగు కలుపుతున్నారట!"

నేను ఆపమనలేదు.