అలిగిన అల్లుడు

దుమ్ముగూడెం బడిలో నాతో పనిచేసిన డ్రిల్లు మాస్టారికి ఇద్దరూ కొడుకులే. అయినా ఆయనకొక అల్లుడుండేవాడు. ఆయన కుడి మోకాలే ఆ అల్లుడు.

కబడ్డీలో తెగిన లిగమెంటుకు ఆపరేషన్ అయింది. కొన్నేళ్లకు అది మళ్లీ తెగింది. అప్పటి నుంచి కూర్చునే ముందు మోకాలు నిమిరి, "ఏందల్లుడా, కూసుందామా?" అని అడిగేవారు. మెట్ల దగ్గర కాలు మొరాయిస్తే, "అలిగిండు సార్, జర ఆగుండ్రి" అనేవారు. అలక తీరేదాకా వెనకున్న మేమంతా నిలబడాల్సిందే.

ఖమ్మం దవాఖానాకు తోడు వెళ్లాను. డాక్టరు స్కానింగు చూసి, "లిగమెంటు మళ్లీ వేస్తే కాలు జారడం తగ్గొచ్చు. కానీ కీలు బాగా అరిగింది, ఆ నొప్పి పోతుందని మాటివ్వలేను. ఇంతకీ ఈ కాలితో మీరేం చేయాలనుకుంటున్నారు?" అన్నాడు.

"కబడ్డీ కూతకు పోవాలె."

"ఆట మానుకుంటే వ్యాయామం, పట్టీతో నెట్టుకురావచ్చు."

"అంటే కూత కావాలంటే కోత తప్పదు" అని నవ్వారు మాస్టారు. తిరుగు బస్సులో మాత్రం మోకాలు నిమరకుండానే కూర్చున్నారు.

మర్నాడు మైదానంలో నడిగీత మీద కుర్చీ వేయించుకున్నారు. "కోత వద్దనుకున్న సార్" అని నాతో చెప్పి, గుండెల నిండా గాలి పీల్చి, "కబడ్డీ కబడ్డీ" అంటూ కూర్చున్నచోటి నుంచే చేయి చాచారు. పిల్లలు కేకలేస్తూ వెనక్కి పరుగెత్తారు.

దమ్ము అయిపోయాక మోకాలు నిమిరారు.

"నువ్ కూసో అల్లుడా. ఇగ మామ ఆడుతడు."