నోటికి చిక్కం

మొన్న చంద్రగిరి దారిలో మూతికి చిక్కం కట్టిన దూడను చూడగానే గుండె ఝల్లుమంది. అది చిన్నప్పటి భయం.

అప్పట్లో నాయన రేణిగుంట స్టేషన్ దగ్గర బాడుగ ఆటో తోలేవాడు. ఒక సాయంత్రం అమ్మతో, "ఇంగ కొన్నాళ్లు అందరం నోరు కట్టుకుంటే సాలు మే. సొంత ఆటో కొనుక్కోవచ్చు. ఒకరి బండి తోలే పనుండదు," అన్నాడు.

తల్లి పాలు తాగేయకుండా పక్కింటివాళ్లు దూడ మూతికి తాళ్లతో అల్లిన చిక్కం కట్టడం రోజూ చూసేదాన్ని. మాకూ అదే కడతారనుకున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క తాడునూ బియ్యం డబ్బా వెనక దాచేశాను. అమ్మ దగ్గరికొస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆ వారమే నాయన బస్టాండులో నాకు వేడి బోండాలు కొనిచ్చాడు. నువ్వూ తినమంటే, "నాకు ఆకలి లేదు పాపా, నువ్వు తిను," అని మొహం తిప్పుకున్నాడు. ఆయనకు అప్పుడే కట్టేశారనుకుని, ఆయన చెవుల వెనక ముడి కోసం తడిమాను.

సొంత ఆటో వచ్చి చాలా ఏళ్లయింది. నిన్న వేడి బోండాలు తీసుకెళ్లి నాయన ముందు పెట్టాను.

"ఆకలి లేదు పాపా, నువ్వు తిను," అన్నాడు.

ఆ ముడి నాకింకా దొరకలేదు.