తువ్వాల కింది బేరం

పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టి భర్త నగేశ్ చేతికి ఇవ్వడం, ఆయన బండి సందు మలుపు తిరిగేదాకా గడపలో నిలబడటం అనిలకు అలవాటుగా ఉండేది. ఇప్పుడు డబ్బా కట్టుకునేదీ తనే, పట్టుకుని పోయేదీ తనే. నగేశ్ గుండెనొప్పితో పోయాక, ఎల్లారెడ్డి బస్టాండు పక్కనున్న ఫ్లెక్సీల దుకాణం షటరు ఆమే ఎత్తుతోంది.

పని ఆమెకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలోనే నగేశ్ కంప్యూటరు నేర్పాడు. వంటయ్యాక ఇంట్లో కూర్చుని ఫోటోలు కత్తిరించడం, అక్షరాలు పేర్చడం, రంగులు కుదర్చడం ఆమె వంతు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం ఆయన వంతు. ఆయన మాటకారి. చాయ్ తెప్పించి, ఊరూ పేరూ అడిగి, వాళ్ళ మనసులో ఏముందో వాళ్ళ నోటితోనే చెప్పించేవాడు. అనిలకు అది రాదు. "ఎట్ల కావాలె?" అన్న ముక్క దాటి నోరు పెగలదు. వాళ్ళేమో మంచిగ చెయ్యమంటారు. మంచిగ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. చేసింది నచ్చక కామారెడ్డి పోయి చేయించుకున్నవాళ్ళున్నారు.

అది చూసి మరిది కృష్ణమోహన్, మాట రానివాళ్ళతో బేరం నడవదని, దుకాణం కిరాయికి ఇచ్చేద్దామని అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటేనే తనకు కాస్త ఊపిరాడుతుందని అనిల ఆయనకు చెప్పలేకపోయింది.

ఆ వారంలోనే శాంతవ్వ వచ్చింది. భర్త ఎంకయ్య సంవత్సరీకానికి ఫ్లెక్సీ కావాలంది. ఫోనులో ఉన్న ఒక్క ఫోటో చూపించింది. పశువుల అంగడిలో తీసింది. వెనక ఎడ్లు, కింద పేడ, ఆయన చేతి మీద మాసిన తువ్వాల. అనిల శ్రద్ధగా కూర్చుంది. ఎడ్లను తీసేసింది, తువ్వాల చెరిపేసింది, ముఖం తెచ్చి అందరికీ పెట్టే నల్లకోటు మీద అతికించింది. చుట్టూ తామరపూలు పెట్టింది.

మరునాడు శాంతవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నడు గని, ఎవలింటి పట్వారి బిడ్డా ఈయన?"

నగేశ్ ఉంటే నవ్వి ఏదో ఒకటి అనేవాడు. అనిల అంగడి ఫోటో మళ్ళీ తెరిచి, తెరను శాంతవ్వ వైపు తిప్పింది.

"నువ్వే ఏలు పెట్టి చూపియ్యవ్వా."

శాంతవ్వ వేలు ముఖం మీద ఆగలేదు. పోయి తువ్వాల మీద ఆగింది.

"దళారి గద బిడ్డా ఆయన. నోట్లకెల్లి మాట రాకపోతుండె. తువ్వాల కింద చేతులు కలుపుకొని ఏళ్ళు ఒత్తుకుంటే బేరమైపోతుండె, పక్కనున్నోనికి గూడ ఎరుక గాకపోతుండె. కోపమొస్తె దాన్నే దులిపి భుజాన ఏసుకుంటుండె. గా తువ్వాల లేకుంటె మావోడు మూగోడే."

ఆ తర్వాత ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ముసలామె వేలు ఎటు పోతే అనిల చెయ్యి అటు పోయింది. కోటు పోయింది. తువ్వాల తిరిగి వచ్చింది, మాసింది మాసినట్టే. తామరపూల మీద వేలు పెట్టి శాంతవ్వ తల అడ్డంగా ఊపింది. ఒక ఎద్దును ఉండనిమ్మంది. పేరు దగ్గర ఊరంతా పిలిచినట్టే 'అంగడి ఎంకయ్య' అని పెట్టించింది. చూసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పోయేటప్పుడు, "నీకు గూడ మాటలు తక్కువనే ఉన్నయి బిడ్డా" అంది. ఎత్తిపొడుపు కాదది.

ఇప్పుడు ఎవరొచ్చినా అనిల ఎట్ల కావాలని అడగదు. పక్కన స్టూలు వేసి, తెర తిప్పి, వేలు పెట్టి చూపించమంటుంది. కొందరికి అది నచ్చదు, లేచి పోతారు. ఎంకయ్య ఫ్లెక్సీ చూసి శాంతవ్వ ఊరివాళ్ళు మాత్రం వెతుక్కుంటూ వచ్చారు. పెళ్ళి ఫ్లెక్సీ ఒకటి, బోర్లు వేసే బండిది ఒకటి.

ఒక సాయంత్రం కృష్ణమోహన్ ఫోను చేశాడు. "వదినే, కిరాయికి తీసుకునేటాయన రేపు చూస్తానికి వస్తడట. దుకాణం ఊడ్చి, అన్న సామాను ఓ మూలకు జరుపు."

"రేపు నాకు పనున్నది" అంది అనిల.

నేల నిండా ఫ్లెక్సీ పేలికలు, దారపు ముక్కలు, చాయ్ కప్పులు. చీపురు తలుపు వెనకే ఉంది. దాని జోలికి పోకుండా ఆమె బయటికి వచ్చి షటరు దించింది.