బతికుండగానే దినం

మా ఎదురింటి అత్త మొన్న శుక్రవారం తెల్లవారుజామున జ్వరంతో పోయింది. నరసరావుపేటలో మా వీధంతా ఆమెను రంగూన్ అత్త అనేది. ఏడుద్దామని కూర్చుంటే నాకు కోపమే వస్తోంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు ఆమె కొండలు, అడవులు దాటి నడిచి వచ్చింది. భర్త అక్కడే బియ్యం మిల్లులో ఉండిపోయాడు. నెలల తరబడి కబురు లేదని గురజాలలోని తమ్ముడు దర్భలతో ఆమె బొమ్మ చేయించి, దహనం చేసి, దినం పెట్టి ఊరికి భోజనాలు పెట్టాడు. అది ఆచారమే, తప్పనను. కానీ ఆమె బతికి వచ్చి గుమ్మంలో నిలబడితే, కర్మ అయిన మనిషి ఇంట్లోకొస్తే అరిష్టమన్నాడు. తండ్రి ఆమెకిచ్చిన చేను అప్పటికే అతని పేరు మీదికి మారింది.

ఆమె మా వీధిలో గది తీసుకుని రవికలు కుడుతూ బతికింది. రోజూ ఒక చెక్కముక్కను సానరాయి మీద అరగదీసి, బర్మా వాళ్లలాగా బుగ్గలకు పూసుకునేది. నేను పాఠం చదువుతుంటే కాజాలు కుడుతూ వినేది. "ఆ ముక్క మళ్లీ చదవ్వే, చానా బాగుంది" అనేది. మాటల మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

యుద్ధం ముగిశాక భర్త బతికే ఉన్నాడని తెలిసింది. బర్మాకు స్వతంత్రం వచ్చి చట్టాలు మారాయి. ఎడతెగకుండా అక్కడే ఉన్నవాళ్లకే పౌరసత్వం. అందుకని అతను కదలలేడు. ఇక్కడివాళ్లను పర్మిట్ లేనిదే ఓడ ఎక్కనివ్వరు. పత్రికలో అది చదివి వినిపించాను. పౌరసత్వం అనే మాట పలుకుతుంటే నాకు ఎంతో అందంగా తోచింది.

"అదేందే? నా మొగుడి దగ్గరికి నేను పోటానికి అదెందుకు?" అంది అత్త.

పర్మిట్‌కు పుట్టిన ఊరి మునసబు సాక్ష్యం కావాలి. ఆమె వెంట నేనూ గురజాల వెళ్లాను. మునసబు తమ్ముడిని పిలిపించాడు.

"మా అక్క పోయిందండీ. దినం భోజనానికి తమరూ వచ్చారుగా. ఈమెవరో నాకు తెలవదు" అన్నాడతను.

అక్కేనని ఒప్పుకుంటే చేను వదులుకోవాలి. మునసబు తల దించుకున్నాడు. సంతకం పెట్టలేదు.

తిరుగు రైల్లో అత్త అంది: "అన్ని కొండలు దాటొచ్చా. వీడి నోరు దాటలేకపోయానే."

శుక్రవారం పాడె కడుతుండగా, కబురు తెలిసి ఆ తమ్ముడు దిగాడు. దారిలోనే గుండు చేయించుకున్నాడు. చేను అడిగే మనిషి లేదు కనుక మళ్లీ అక్క అయింది.

"తోడబుట్టినవాణ్ణి. కొరివి నేనే పెట్టాల" అన్నాడు.

మా అమ్మ అడ్డం నిలబడింది. "మీ అక్క దినం ఎప్పుడో అయిందిగా అన్నాయ్. ఈమె మా ఆడపడుచు. నీకు తెలవదు."

ఎవరూ అతనికి చోటివ్వలేదు. మా నాన్న నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు.

అతను స్టేషన్‌కు పోతుంటే కావాలనే వెంట వెళ్లాను. జాలి కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు. మాచర్ల బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదుటి ముసలాయన ఆ గుండు చూసి, "ఎవరు పోయారు నాయనా?" అని అడిగాడు.

అతను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అక్కడ, ప్లాట్‌ఫారం మీద, నేనున్నాను.